టీ గ్లాసూ, పేగు గోడా

ధర్మవరం,
జ్యేష్ఠ మాసం, ఆదివారం.

నా బంగారు తల్లి త్రివేణికి,

నీ పేరు అచ్చులో పడిందమ్మా! మన ఇంటిపేరుతో సహా పడింది! ఆశీర్వాదం తర్వాత రాస్తాను, ముందు ఈ మాట రాయకపోతే చేయి కదలదు. నీ పేరు పడిందమ్మా!

పొద్దున్నే పక్కింటి ఆంజి ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "మామా, పాప పేరు ఈడుండాది చూడు" అని నువ్వు పంపిన, నీ పరిశోధన అచ్చయిన పేజీ చూపించాడు. అంతా ఇంగ్లీషు. నాది ఐదో తరగతి చదువు. అయినా నీ హాల్ టికెట్లన్నీ చూసినవాణ్ణి కదా, ఇంగ్లీషులో నీ పేరు ఎట్లుంటుందో నాకు తెలుసు. ఐదారు పేర్లుంటే అన్నిటికన్నా ముందు నీదే! మగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చున్నవాణ్ణి లేచి నిలబడి చదివాను. కూర్చుని చదవబుద్ధి కాలేదు.

నువ్వు ఫోను చేశావని ఆంజి అన్నాడు. నా చెవుల సంగతి తెలుసు కదా, ఫోనులో నీ మాట నాకు గాలిమోత లాగా ఉంటుంది. ఎప్పటి మాదిరే కాగితం మీద రాయి. ఫోటో తీసి పంపితే ఆంజి చూపిస్తాడు, నాది కూడా వాడే ఫోటో తీసి పంపుతాడు. కొట్టిన మెసేజీ మాత్రం వద్దు, నీ చేతిరాత చూస్తే పూణెలో ఉన్న నువ్వు వచ్చి పక్కన కూర్చున్నట్టుంటుంది.

తర్వాత వీధి మొదట్లో ఓబిలేష్ టీ కొట్టుకు పోయాను. మగ్గాలవాళ్ళమంతా గుంతల్లో దిగే ముందు అక్కడే కదా చేరేది. వాడు ఒక చేత్తో గ్లాసు ఇస్తాడు, మేకుకు తగిలించిన షీటులోంచి ఒక బిళ్ళ చించి రెండో చేత్తో ఇస్తాడు. మీ అమ్మ మీ అక్క కాన్పుకని గుమ్మఘట్టలో ఉంది కాబట్టి నాకిప్పుడు ఇదే పొద్దుటి పలహారం. మధ్యాహ్నం దాకా ఢోకా లేదు.

"మా త్రివేణి ముసలోళ్ళ పేగుల గురించి కనిపెట్టింది" అన్నాను.

"ఏం కనిపెట్టిందన్నా?" అన్నాడు ఓబిలేష్.

"పేగులో ఒక గోడ ఉంటాదంట. వయసైతే అది వదులైతాదంట."

"ఇటుక గోడనా, రాతి గోడనా?"

"నీ టీ తాగినోళ్ళది ఏదైనా ఒకటేలే, ఎప్పుడో కూలింటాది" అన్నాడు ఆంజి. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కుట్టంచు చీర పట్టుకుని, ఒంటినీ అంచునూ కలిపే పోగు చూపించి, ఈ కలిపే చోటు వదులైతే చీర చీలిపోయినట్టు పేగు కూడా చీలుతుందని చెప్పాను. అది సరేనా తల్లీ? తప్పు చెప్పి నీ పరువు తీశానా? వెంటనే రాయి.

నీ నాయన,
శ్రీరంగప్ప


పూణె,
జూన్ ఆఖరు.

నాయనకు నమస్కారాలు.

నీ ఉత్తరం మా ల్యాబులో గోడకు అంటించాను. తెలుగు రానివాళ్ళు కూడా నువ్వు పెట్టిన ఆశ్చర్యార్థకాలు చూసి నవ్వుతున్నారు. సంతోషమంటే ఇట్లా ఉండాలి అంటున్నారు.

నీ కుట్టంచు పోలిక సగం సరే. పేగు లోపలి గోడ మందం ఒక్క కణమే. ఒక కణానికీ పక్క కణానికీ మధ్య సందు లేకుండా ప్రోటీన్లు కుట్టులాగా పట్టి ఉంచుతాయి. తిన్నది కణాల గుండా తనిఖీ అయి లోపలికి పోవాలి. బ్యాక్టీరియా మాత్రం ఆ సందుల్లోంచి జారకూడదు. ఆ గోడ పని అంతే.

తక్కిన సగం ఎందుకు సరిపోదంటే, నువ్వు నేసిన చీర మడత పెడితే ఏళ్ళ తరబడి అదే చీర. పేగు గోడ అట్లా కాదు. నాలుగైదు రోజులకు పాత కణాలు రాలిపోయి కొత్తవి వస్తాయి. చీర కట్టుకుని తిరుగుతుండగానే కింది నుంచి ఎవరో నేస్తూ ఉన్నట్టు. ఆ నేసేవాళ్ళను మూలకణాలంటాం. వాళ్ళు ఎక్కడ కూర్చుని ఉంటారో తెలుసా? గోడ అడుగున గుంతల్లో! నీకోసం కల్పించిన మాట కాదు నాయనా, మైక్రోస్కోపులో చూస్తే వరసగా గుంతలే. మొదటిసారి చూసినప్పుడు నాకు మన వీధి కనిపించింది.

వయసు పైబడితే ఆ గుంతల్లోవాళ్ళు నిదానిస్తారు. గోడ మీద ఉండే జిగురు పొర పల్చబడుతుంది. కుట్టు వదులవుతుంది. బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారుతుంటే ఒంట్లో కాపలా కణాలు నిద్రపోకుండా పోట్లాడుతూనే ఉంటాయి. మంట పైకి కనిపించదు. కానీ నీరసం, కండ తగ్గడం, దెబ్బ తగిలితే త్వరగా మానకపోవడం, వీటిలో దానికీ వాటా ఉందని అనుకుంటున్నాం.

నేను చూసింది చాలా చిన్న విషయం. పెద్దవాళ్ళు ఆసుపత్రిలో పరీక్షకు వచ్చినప్పుడు ఒప్పుకుని ఇచ్చిన పేగు గోడ చిన్న ముక్క నుంచి గిన్నెల్లో కణాలు పెంచాను. వాటిలో ఆ కుట్టు ప్రోటీన్ తయారవుతూనే ఉంది. కానీ అంచుకు చేరడం లేదు, కణం మధ్యలోనే ఉండిపోతోంది. దారం ఉంది, దాన్ని మోసే నాడె అంచు దాకా పోవడం లేదు. అంతే. మందు కనిపెట్టలేదు. దయచేసి వీధిలో మందు అని చెప్పకు.

ఇంకొకటి. టీతో పాటు బిళ్ళ అని రాశావు. ఏ బిళ్ళ? షీటు వెనకున్న పేరు రాసి పంపు. టీకి ముందు ఏమైనా తింటున్నావా?

నీ
త్రివేణి


ధర్మవరం,
ఆషాఢం.

చిరంజీవి త్రివేణికి దీవెనలు.

మందు అని చెప్పకు అన్నావు. నీ ఉత్తరం వచ్చేసరికే చెప్పేశాను! ఎదురింటి సుంకమ్మ స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. "పాప మందు వస్తే నాకింత పొయ్యి నాయనా, ఊరికేమొద్దులే, దుడ్లిస్తా" అంటుంది. లేదమ్మా, నాడె అంచు దాకా పోలేదంట అని చెప్పి పంపాను. ఆమె నన్ను అనుమానంగా చూసింది. ఇంకెవరికో ముందు పోయించి ఉంటానని అనుకుంది కాబోలు.

ఆ గుంతల సంగతి మాత్రం! అమ్మా, నీ ఉత్తరంలో ఆ ముక్క టీ కొట్టు దగ్గర ఆంజితో గట్టిగా చదివించాను.

"అంటే మన కడుపుల్లో గూడా మగ్గాలోళ్ళు ఉండారా?" అన్నాడు ఓబిలేష్.

"ఉండారు. వాళ్ళకీ మన మాదిరే వయసైతాంది" అన్నాను.

"మరి వాళ్ళకు టీ ఎవరు పోస్తాండారప్పా?"

"నువ్వే గదా పైనుంచి పోస్తాండేది, నీళ్ళ టీ" అన్నాడు ఆంజి.

ఇంత చదువు చదివి, మన గుంతలనే చూశానని రాశావు చూడు, ఆ మాటకు నా కళ్ళు తడిసినాయి. ఎండిన గాలికి పట్టు పోగులు తెగుతున్నాయని నేల మీద నీళ్ళు చల్లుకుంటూ నేస్తున్నాము. వాన ఇంకా రాలేదు. ఆ కళ్ళ తడి కూడా మగ్గానికే పనికొచ్చిందనుకో.

బిళ్ళ సంగతి అడిగావు. అది నొప్పులది. అందరూ వేసుకునేదే. మోకాలు, నడుము పట్టేస్తే గుంతలోకి దిగేదెట్లా? పేరు చిన్న అక్షరాల్లో ఉంది, కంటికి ఆనలేదు. నీ మనసు దాని మీద పెట్టుకోకు, పెద్ద పరీక్ష దగ్గర పడుతోంది కదా.

నీ చదువు కడుపు చదువు కాబట్టి సిగ్గు విడిచి ఒకటి అడుగుతాను. వీధిలో ఒకాయన నిన్ను అడగమన్నాడు. రాగి సంగటి తింటే విరేచనం నల్లగా అవుతుందా? తారు లాగా. ఆయనకు కొన్నాళ్ళ నుంచి అట్లా ఉందట. సంగటి మానినా అట్లే ఉందట. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయట. మనిషి గట్టివాడే.

ఇట్లు నీ క్షేమం కోరే
నాయన


పూణె,
జులై, నీ ఉత్తరం అందిన రోజే.

నాయనా,

రాగి సంగటితో తారులాగా రాదు. అది రక్తం. కడుపులోనో, చిన్నపేగు మొదట్లోనో కారిన రక్తం కింది దాకా వచ్చేసరికి నల్లగా, జిగటగా అవుతుంది. కళ్ళు తిరగడం కూడా దానివల్లే.

ఆ నొప్పుల బిళ్ళ గోడ మీద రెండు వైపుల నుంచి పని చేస్తుంది. జిగురు పొర ఊరకుండా ఆపుతుంది, కణాల బలం తీసేసి కుట్టు వదులు చేస్తుంది. ఖాళీ కడుపు మీద వేసుకుంటే ఇంకా సులువు దానికి. పడుచువాళ్ళయితే గుంతల్లోవాళ్ళు పరుగున వచ్చి చిరుగు నేసేస్తారు. డెబ్భై ఏళ్ళ పేగులో వాళ్ళు రారు. వచ్చేలోపు పుండు అవుతుంది.

నేను ఆంజన్నకు ఫోను చేశాను. ఆ ఒకాయన ఎవరని అడిగాను. ఆయన మొన్న నువ్వు గుంత గట్టు పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్న సంగతి చెప్పాడు.

ఆ ఒకాయనను రేపు అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోమని ఆంజన్నకు చెప్పాను. బిళ్ళ ఈ రోజు నుంచి బంద్.

త్రివేణి


ధర్మవరం.

త్రివేణికి,

ఈ కాగితం ఓబిలేష్ ఫోటో తీశాడు. పక్కన వాని బొటనవేలు పడింది, అది చూడకు. ఆంజి తీయలేదు. ఎందుకంటే ఆంజికీ నాకూ మాటల్లేవు.

నా మీద కాపలా పెడతావా? కన్న తండ్రి మీద? నేను గుంతలో ఎప్పుడు కళ్ళు మూసినానో, ఎప్పుడు తెరిచినానో చెప్పేదానికి పక్కింటోణ్ణి పెట్టినావా? వాడు పొద్దున ఆటో తెచ్చి వాకిట్లో నిలబెట్టి "ఎక్కు మామా" అంటాడు. వీధి వీధంతా చూస్తాంది. "యాడికప్పా?" అని అడిగితే "పాప చెప్పింది" అంటాడు. నేను ఎక్కలేదు. ఆటో ఖాళీగా పోయింది.

సరే, దాచింది చెప్తాను విను. మగ్గం మీద ఉన్నది షావుకారు చీర కాదు. నీది. వంగపండు రంగు ఒళ్ళు, ఆవపూవు రంగు కుట్టంచు. నువ్వు ఆ పెద్దవాళ్ళ ముందు నిలబడి జవాబులు చెప్పేనాడు కట్టుకోవాలని చైత్రంలో పడుగు ఎక్కించాను. ఇంకా కొంగు మిగిలింది. ఆ బిళ్ళ లేకపోతే నేను గుంతలో గంట కూడా కూర్చోలేను. బిళ్ళ మానితే చీర ఆగుతుంది. అంతేనమ్మా లెక్క. కొంగు అయినాక నువ్వు ఏ ఆసుపత్రికి పొమ్మంటే ఆ ఆసుపత్రికి పోతాను.

నా పేగు డెబ్భై రెండేళ్ళు ఆగింది. ఇంకొక్క నెల ఆగలేదా?

మీ అమ్మకు చెప్పొద్దు. ఆమె అక్కడ పురిటి పనుల్లో ఉంది.

శ్రీరంగప్ప


రైలులో,
షోలాపూర్ దాటాక.

నాయనా,

బండి కుదుపులకు అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకో. నీ ఉత్తరం చూసి చేతికందిన బట్టలు సంచిలో వేసుకుని ఎక్కేశాను. దీన్ని ఆంజన్నకు పంపుతున్నాను. నువ్వు మాట్లాడకపోయినా పర్వాలేదు, ఆయన నీ గుంత దగ్గర కూర్చుని చదువుతాడు. చెవులు మూసుకోకు, నీకు ఎట్లాగూ సగమే వినపడుతుంది.

ఇన్నాళ్ళూ నీకు రాయనిది ఒకటుంది. నా గిన్నెల్లో నేను ఆ బిళ్ళ మందు కూడా పోసి చూశాను. అచ్చం అదే మందు. పడుచువాళ్ళ కణాల్లో కుట్టు వదులైంది, మందు తీసేస్తే మళ్ళీ బిగిసింది. పెద్దవాళ్ళ కణాల్లో బిగియలేదు. ఎన్నిసార్లు చేసినా బిగియలేదు. నా థీసిస్‌లో అది ఒక అధ్యాయం. నేను అది రాసుకుంటున్న పొద్దుల్లోనే నువ్వు ఓబిలేష్ చేతి నుంచి బిళ్ళ అందుకుంటున్నావు. నా పుస్తకంలో ఉన్నది నువ్వే నాయనా. నేనే గుర్తుపట్టలేదు.

చీర గురించి చదివి చాలాసేపు ఏడ్చాను. పక్క సీటామె ఎవరైనా పోయారా అని అడిగింది. లేదండీ, మా నాయన చీర నేస్తున్నాడు అన్నాను. ఆమెకేం అర్థమైందో నాకు వేరుశనక్కాయలు పెట్టింది.

వంగపండు రంగు నాకిష్టమని నీకు ఇంకా గుర్తుంది. కానీ ఆ కొంగు నీ రక్తంతో పూర్తయితే నేను కట్టుకోను. పెట్టెలో కూడా పెట్టుకోను. నేను జవాబు చెప్పేనాడు నాకు చీర లేకపోయినా పర్వాలేదు. వెనక వరసలో నువ్వు లేకపోతే నోరు పెగలదు.

నేను ధర్మవరం దాకా రాను. ముందే అనంతపురంలో దిగుతాను. నువ్వు అక్కడ ఉంటావు.

త్రివేణి


ధర్మవరం,
శ్రావణం.

నా తల్లి త్రివేణికి వేయి దీవెనలు.

నువ్వు ఆసుపత్రిలో నా మంచం పక్కన ఉన్నన్నాళ్ళూ నాకు చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు పూణె చేరాక రాస్తున్నాను.

ఆ రోజు ఆంజి వచ్చి, నాతో మాటల్లేవు కాబట్టి నా వైపు చూడకుండా మగ్గానికి చదివి వినిపించాడు. సగం వినపడింది. "పుస్తకంలో ఉన్నది నువ్వే" అన్న చోటు మాత్రం వాడు రెండుసార్లు చదివాడు. నేను నాడె కింద పెట్టాను. లేవబోతే కాళ్ళు రాలేదు. "ఏయ్, చూస్తాండావేంది, చెయ్యియ్యి" అన్నాను. వాడు నన్ను గుంతలోంచి లాగాడు. ఆటో మళ్ళీ వాకిట్లోనే ఉంది. ఖాళీగా పోయిందని రాశాను కదా, ఆటోవాడు మలుపు తిరిగి అక్కడే నిలబడి ఉన్నాడంట. మీరంతా కలిసి నన్ను భలే ఆట పట్టించారు.

నువ్వు రాకముందు అక్కడ జరిగింది నీకు తెలీదు. గొంతులోంచి గొట్టం దించే ముందు జాయ్ అనే నర్సమ్మ "భయమా తాతా?" అంది. "భయం లేదమ్మా, లోపల ఏముండాదో మా పాప ముందే రాసింది" అన్నాను. ఆ డాక్టరు చిన్న వయసువాడు. చిన్నపేగు మొదట్లోనే పుండు ఉంది, కారుతోంది అన్నాడు. నేను పడుకుని ఉండగానే నీ గుంతల సంగతి, నాడె సంగతి మొదలుపెట్టాను. "తాతా, మీరు మాట్లాడితే గొట్టం పోదు" అన్నాడు. గొట్టం తీసినాక మిగతాది చెప్పాను. రక్తం ఎక్కిస్తుంటే వార్డులో అటు పక్క మంచానికీ ఇటు పక్క మంచానికీ చెప్పాను. నువ్వు లోపలికి వచ్చినప్పుడు అందరూ లేచి కూర్చున్నారు చూడు, ఎందుకని నువ్వు అడిగావు. అందుకే!

ఇంకొంచెం ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని డాక్టరు ఆంజితో అన్నాడంట. ఆంజి నాకు ఇంటికొచ్చినాక చెప్పాడు.

మీ అమ్మ వచ్చింది. మీ అక్క మహేశ్వరికి కొడుకు పుట్టినాడు, తల్లీబిడ్డా క్షేమం, అక్కడ వాళ్ళ అత్త చూసుకుంటోంది. మీ అమ్మ మొదటి రోజు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రెండో రోజు మాట్లాడింది. మొదటి రోజే నయం.

మగ్గం మీద గుడ్డ కప్పాను. నువ్వు చెప్పకుండానే కప్పాను, అది గుర్తుపెట్టుకో.

నీ
నాయన


పూణె,
సెప్టెంబరు.

నాయనకూ అమ్మకూ నమస్కారాలు.

వైవా తేదీ వచ్చింది. ఆంజన్నకు పంపాను, టికెట్లు కూడా తీశాను. అమ్మ మనవడి దగ్గరికి మళ్ళీ పోవాలంది కాబట్టి నువ్వూ ఆంజన్నా రండి. నేను నా నూలు చీరే కట్టుకుంటాను, దాని గురించి మాట్లాడేది లేదు.

నీకు అక్కడ మాటలు వినపడవని ముందే రాస్తున్నాను. తెర మీద నల్లటి బొమ్మలు వస్తాయి. వాటిలో ఆకుపచ్చ గీతలుంటాయి. ఆ గీతలే కుట్టు. ఒక్కో గడి ఒక్కో కణం. మొదటి బొమ్మ పడుచువాళ్ళది, రెండోది పెద్దవాళ్ళది. ఇంకేం తెలియకపోయినా నువ్వు చూసి చెప్పగలవు.

పుండు మానిందని డాక్టరు రాసిన కాగితం చూశాను. గుంతల్లోవాళ్ళు నిదానమే కానీ, పని ఎగ్గొట్టలేదు.

త్రివేణి


ధర్మవరం,
ఆశ్వయుజం.

డాక్టర్ త్రివేణి గారికి,

గారు అని రాయకపోతే నాకు తృప్తి లేదు, తిట్టుకోకు. డాక్టర్! డాక్టర్! రైలు దిగినప్పటి నుంచి ఆ మాట నోట్లో బెల్లం ముక్క మాదిరి తిప్పుతున్నాను.

వెనక వరసలో కూర్చున్నాను కదా. నాకు ఒక్క మాట వినపడలేదు. కానీ అమ్మా, ఆ మొదటి బొమ్మ! నల్లటి దాని మీద ఆకుపచ్చ జరీ వల పరిచినట్టు ఎంత బిగువుగా ఉందో! ఒక్క పోగు వదులు లేదు. రెండోది పడగానే నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. గీతలు అక్కడక్కడా తెగిపోయినాయి, పచ్చటి చుక్కలు గడుల మధ్యలో దిక్కు తెలియనట్టు ఉండిపోయినాయి. నా చేయి దానంతటదే కడుపు మీదికి పోయింది. అక్కడ నిలబడి నువ్వు కర్రతో ఆ తెగిన చోట్లు ఒక్కొక్కటి చూపిస్తుంటే, పెద్ద పెద్దవాళ్ళు మెడలు చాచి చూస్తుంటే, ఆ బిడ్డ నా బిడ్డ అని అరవాలనిపించింది. ఆంజి నా మోకాలు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు, నేను లేస్తానని వానికి తెలుసు.

చివర్లో అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియలేదు. నేను కూడా కొట్టాను. బయటికొచ్చి "ఏమనిందిరా పాప?" అంటే ఆంజి చెప్పడు. గుంతకల్లులో టీ తాగుతూ చెప్పాడు. "ఈ గోడ గురించి అందరికన్నా మొండిగా నాతో వాదించింది ఈయన పేగే, ఆఖరికి అది కూడా ఒప్పుకుంది అనింది మామా." నిజంగా అట్లే అన్నావా, లేక వాడు కల్పించాడా? ఏదైనా సరే, బాగుంది.

ఆ పెద్దవాళ్ళలో తల నెరిసిన మేడమ్ నా దగ్గరికి వచ్చి హిందీలో ఏదో అంది. మీ అమ్మాయి చాలా గట్టిది అంటోందని ఆంజి చెప్పాడు. "మా ఇంట్లో ఆడోళ్ళంతా అంతేనని చెప్పు" అన్నాను. వాడు తన హిందీలో ఏం చెప్పాడో దేవుడికే తెలియాలి, ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

ఇక్కడి సంగతులు. ఓబిలేష్ షీటు మేకు మీది నుంచి ఇంకా తీయలేదు. కానీ వాని భార్య పొద్దున్నే బొరుగుల ఉగ్గాని చేస్తోంది. తినకుండా బిళ్ళ అడిగినవానికి వాడు గ్లాసు కూడా ఇవ్వడం లేదు. తిన్నా కూడా రోజూ వద్దు, డాక్టరుకు చూపించుకో అని నేను చెప్తాను. "బిళ్ళ లేకుంటే గుంతలోకి ఎట్ల దిగేదన్నా, నువ్వు దిగుతావా?" అంటారు. నొప్పి అబద్ధం కాదు కదా. కొందరు మానేశారు, కొందరు నేను వస్తుంటే గ్లాసు దాచుకుంటారు. సుంకమ్మ మాత్రం పూర్తిగా మానింది. నీ మందు ఇదేనని ఆమె నమ్మకం.

నేను పొద్దున తిన్నాక కాసేపు గుంతలో కూర్చుంటాను. నొప్పి వస్తే లేస్తాను. కొంగు ఎప్పటికవుతుందో తెలీదు. ఈ ఏడు కావచ్చు, వచ్చే ఏడు కావచ్చు. నువ్వు డాక్టరువు అయిపోయావు, ఇంక దానికేం తొందర?

ఇప్పుడు అసలు పని. ఈ కింది వాళ్ళకు నువ్వే నీ నోటితో ఫోను చేసి చెప్పాలి. నువ్వు డాక్టరువైన సంగతి ఒకటి, ఖాళీ కడుపున ఆ బిళ్ళ వద్దన్న సంగతి ఒకటి. రెండూ కలిపి చెప్పు. మొదటిది వింటేనే రెండోది నమ్ముతారు.

గుమ్మఘట్టలో మీ మేనత్త ఇంద్రాణి. మోకాళ్ళకని రోజూ వేసుకుంటుంది. కన్నడంలో చెప్పు, తెలుగులో చెప్తే వాదిస్తుంది.

కొత్తచెరువులో మీ పెదనాయన హనుమంతరాయుడు. గట్టిగా అరిచి చెప్పు, ఆయన చెవుల ముందు నావి బంగారం.

బుక్కరాయసముద్రంలో మీ మామ వెంకటప్ప, అత్త అక్కమ్మ. ఇద్దరూ ఒకే షీటు పంచుకుంటారు. ఒకరికి చెప్పి వదిలితే రెండోవాళ్ళు మింగేస్తారు, ఇద్దరికీ చెప్పు.

మీ చిన్నాయన రామాంజి. ఆయన ఏ బిళ్ళా వేసుకోడు. కానీ చెప్పకపోతే అలుగుతాడు.

మీ అక్క మహేశ్వరి, మీ బావ, మీ బావ వాళ్ళ అమ్మ.

మహేశ్వరి కొడుకు. వానికి కూడా ఫోను చెవి దగ్గర పెట్టించి చెప్పు. అర్థం కాదు, పర్వాలేదు. నాకు కూడా మొదట కాలేదు.